సర్వేయరు లేడు

మోకా ఏసురత్నం కుర్చీలో సర్దుకుని కూర్చునే లోపలే అతని ఎకరం ఇరవై సెంట్ల లంక భూమి లేకుండా పోయింది. మొత్తం తొమ్మిది సెకన్లు పట్టింది. నెల్లాళ్ల కిందట తండ్రి చనిపోతే, పట్టాలో ఆయన పేరు తీసి తన పేరు రాయమని అడగడానికి వెళ్లాడతను. అంతకు మించి ఏమీ కోరలేదు. తక్షణ సేవా కేంద్రంలో అద్దాల గదిలో ఉన్న పెట్టె అతనికి మర్యాదగా నమస్కారం చెప్పింది, వేలిముద్ర తీసుకుంది, ఆకాశం నుంచి తీసిన ఫొటో ఒకటి చూసుకుంది, ఆ తర్వాత కాగితం బయటికి తోసింది. దరఖాస్తులో చూపిన భూమి నేల మీద లేదు, లేని భూమికి పట్టా ఉండదు, కాబట్టి పట్టా రద్దు చేయడమైనది, ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు అని అందులో ఉంది.

భూమి నేల మీద లేని మాట నిజమే. పోయిన వరదలో వశిష్ఠ గోదావరి తన మధ్యనున్న బొండాయిలంక పడమటి సగాన్ని కోసుకుపోయింది. కానీ గోదావరి పాయల మధ్య పుట్టి పెరిగినవాళ్లెవరూ దాన్ని భూమి పోవడం అనుకోరు. "నీళ్లల్లో ఉంది" అంటారు, పొరుగూరు వెళ్లిన మనిషి గురించి చెప్పినట్టు. మూడు వరదలకో ఏడు వరదలకో మేట పడుతుంది, ఒండ్రు తేలుతుంది, ఎవరి హద్దుల్లో వాళ్లు మళ్లీ దోసపాదులు పెట్టుకుంటారు. అంతా కొట్టుకుపోయాక హద్దులెలా తెలుస్తాయని పైవాళ్లు అడిగితే లంకవాళ్లు నవ్వుతారు. ఒడ్డునున్న చర్చి గంటస్తంభానికీ ఎదుటి గట్టు మీది ఇటుక బట్టీ గొట్టానికీ మధ్య కంటితోనే గీత గీసి చూపిస్తారు. అరడుగు తేడా రాదు.

ఆరో రోజు పొద్దున్న ఏసురత్నం భార్య సారమ్మని వెంటబెట్టుకుని రాజోలులో వడ్డాది సుభాషిణి ఇంటికి వచ్చాడు. సుభాషిణి ముప్పై నాలుగేళ్లు రెవెన్యూలో పనిచేసి, తహసీల్దారుగా రిటైరైన మనిషి. లంకల్లో ఆమె పేరు తెలియనివాళ్లుండరు.

"ఐదు రోజుల్నించీ ఆఫీసులన్నీ తిరిగేనండి మేడం గారు. ఎవరినడిగినా పెట్టె చెప్పేసింది, మా చేతుల్లో ఏం లేదంటన్నారండి. అప్పీలు పెట్టుకుంటే అదీ ఆ పెట్టే చూస్తదంట కదండి," అన్నాడు ఏసురత్నం. "మీకు రిటైరైపోయిందని తెలుసండి. అయినా వచ్చేనంటే, ఇదిగోండి, ఇందుకండి."

కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వరస మీద వేలు పెట్టి చూపించాడు. 'నిర్ణయానికి ఆధారం: తహసీల్దారు శ్రీమతి వి. సుభాషిణి గారి ఉత్తర్వులు, రెండు వందల పన్నెండు.'

"మిమ్మల్ని అడక్కుండా మీ పేరు రాసేసుకున్నారేమో అనుకున్నానండి," అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే సుభాషిణికి ఎక్కువ గుచ్చుకుంది.

అడక్కుండా రాసుకోలేదు. ఆమె చేతులారా ఇచ్చింది. నాలుగేళ్ల కిందట, ఆన్‌లైన్ సేవల్లో చట్టపరమైన నిర్ణయాలు కూడా యంత్రమే చేసేలా ఒక ఏర్పాటు కావాలని ప్రభుత్వం అనుకుంది. దానికి 'పరిష్కర్త' అని పేరు పెట్టారు. జనం మాత్రం పెట్టె అన్నారు, పెట్టె అనే పిలుస్తున్నారు. ఆ యంత్రానికి తీర్పు చెప్పడం నేర్పాలంటే మంచి తీర్పులు కావాలి. రాష్ట్రమంతా వెతికితే, అప్పీలులో ఒక్క ఉత్తర్వు కూడా కొట్టివేతకు గురికాని అధికారి సుభాషిణి ఒక్కతే తేలింది. ఆమె సర్వీసు మొత్తంలో రాసిన ఉత్తర్వులన్నీ దానికి నేర్పించారు. నేర్పించిన ప్రయోగశాలకి పెద్ద ఎవరో కాదు, ఆమె అన్నగారి కూతురు హిమజ. శిక్షణ సంస్థలో సుభాషిణి ఫొటో పెట్టి, కింద 'నమూనా అధికారి' అని రాయించారు. అది చూసుకున్న రోజున ఆమె ఎంత సంతోషించిందో చెప్పనక్కర్లేదు. సంతోషించకూడని పనీ కాదు. పెట్టె వచ్చాక కుల ధ్రువపత్రానికీ పేరు మార్పుకీ నెలల తరబడి తిరగడం పోయింది, మధ్యలో చెయ్యి చాపేవాడు లేకుండా పోయాడు. ఎవరు కాదన్నా అది మంచే.

సుభాషిణి కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"నేనిలా రాయను. నేను రాయనిది అదీ రాయదు. ఎక్కడో పొరపాటు జరిగింది," అంది. "గడువు ఇంకా ఇరవై నాలుగు రోజులుంది కదా. చాలు."

"దాటిపోతే ఏంటండి సంగతి?"

"దాటిపోతే రికార్డుకి ముద్ర పడిపోతుంది. రేపు మేట పడినా అది సర్కారు ఇసుక అవుతుంది. రేవుల వేలంలో పెట్టేస్తారు."

ఏసురత్నం తల పట్టుకున్నాడు. ఒక్క తన ఎకరమే కాదు. పడమటి సగంలో నలభై రెండు పట్టాలున్నాయి. సారమ్మకి కూడా పుట్టింటి వైపు నుంచి నలభై సెంట్లు వచ్చాయి, దాని పట్టా ఆమె పేరు మీదే ఉంది. ఒకటి రద్దవగానే మిగతావన్నీ పెట్టె తనంతట తానే బయటికి తీసి వరసగా నోటీసులు పంపింది. అందరిదీ ఒకే గడువు.

"నేను చూసుకుంటాను, వెళ్లిరండి," అంది సుభాషిణి. అలా అనడం ఆమెకి అలవాటు. అన్నాక చేసి చూపించడమూ అలవాటే. సారమ్మ మాత్రం గుమ్మం దగ్గరే కూర్చుని, లేచేటప్పుడు నమస్కారం పెట్టింది తప్ప ఏమీ మాట్లాడలేదు.

ప్రయోగశాల విశాఖపట్నంలో ఉంది. హిమజ బల్ల మీద సగం తాగి వదిలేసిన టీ కప్పులు నాలుగున్నాయి. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఈ పిల్ల మండలాఫీసులో ఫైళ్ల కట్టల మీద కూర్చుని ఎక్కాలు చదివేది. ఇప్పుడు ఆ కట్టలన్నీ మింగిన యంత్రానికి యజమానురాలు.

"ఫోన్లో చెప్తే నేనే చూసేదాన్ని కదత్తా. పొద్దున్నే బస్సెక్కి వచ్చేయడమేంటి?"

"ఫోన్లో నువ్వు 'చూస్తాను' అంటావు. నేను చూడాలి."

ముందు పరీక్ష పెట్టింది సుభాషిణి. తన సర్వీసులో తేల్చిన చిక్కు కేసులు జ్ఞాపకంలోంచి ఒక్కొక్కటీ తీసి యంత్రాన్ని అడిగింది. ఇద్దరు భార్యల పింఛను తగాదా, శ్మశానం దారి తగాదా, ఊరు మారిన పిల్లవాడి నివాస ధ్రువపత్రం. యంత్రం చెప్పిన జవాబులు మాటతో సహా ఆమెవే. 'ఉభయులూ సంతృప్తి చెందేలా కాక, ఉభయులూ ఒప్పుకోక తప్పనట్లుగా' అనే ముక్క కూడా ఉంది. ఒకప్పుడు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎంతో ఆలోచించి రాసుకున్న వాక్యం అది. ఆమెకి నవ్వూ వచ్చింది, ఒళ్లూ పులకరించింది.

తర్వాత లంక కేసులు పెట్టింది. మొదటిది రద్దు. రెండోది రద్దు. పదీ రద్దే.

"ఇవి నావి కావు హిమజా."

"నీవే అత్తా. చూడు," అని హిమజ రెండు వందల పన్నెండు ఉత్తర్వులూ తెర మీదికి తెచ్చింది. అన్నిటి కిందా సుభాషిణి సంతకమే ఉంది. ఆమె ఓపిగ్గా చదివింది. అవన్నీ దిక్కూ మొక్కూ లేని భూములవి. పట్టాదారు పోయి, వారసులు లేక, అడిగేవాళ్లే రానివి కొన్ని. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర కోతపడి ఇక జన్మలో తేలనివి కొన్ని. రద్దు చేయక తప్పనివే రద్దు చేసింది.

"మరి మిగతావేవి? నా హయాంలో పదమూడు వందల చిల్లర లంక ఫైళ్లు నడిచాయి."

"అవి పెండింగ్ ఫైళ్లు అత్తా. నిర్ణయం లేని ఫైలు నుంచి యంత్రం ఏం నేర్చుకుంటుంది? ముందే ఏరి పక్కన పడేశాం. పదకొండు వందల నలభై. అన్నిటి మీదా ఒకటే మాట. 'సర్వేయరు లేడు.' మీ మండలంలో సర్వేయర్లకి అంత కరువేమిటా అని మావాళ్లు నవ్వుకున్నారు కూడా."

సుభాషిణి కూడా నవ్వింది. నవ్వుతూనే కుర్చీలో వెనక్కి వాలింది.

"సర్వేయరు పక్క గదిలోనే ఉండేవాడే పిచ్చిదానా. కూర్మారావని, నిక్షేపంలా ఉండేవాడు. రోజూ నా బల్ల మీదే క్యారేజీ విప్పేవాడు."

"అంటే?"

"అంటే ఏముంది, అబద్ధం రాశాను. నీళ్లల్లో మునిగిన భూమిని లెక్కలోంచి కొట్టేయమంటుంది రూలు. రూలు రాసినవాడు గోదావరిని చూడలేదు. కొట్టేస్తే పేదవాడి నోటి దగ్గర కూడు తీసినట్టు. కొట్టెయ్యకపోతే నేను రూలు తప్పినట్టు. అందుకని తేల్చకుండా వదిలేసేదాన్ని. సర్వేయరు లేడని రాసి, తాడు కట్టి, కట్ట అడుగున పెట్టేదాన్ని. మేట పడ్డాక 'చర్య అవసరం లేదు' అని మూసేసేదాన్ని. ఒక్కొక్కటి నాలుగు వరదలు, ఒక్కొక్కటి ఏడు. ఆ పెండింగే నా తీర్పు."

హిమజ చేతిలో ఉన్న టీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

"అంటే నీ అసలు తీర్పులన్నీ చెత్తబుట్టలో వేసి, మిగిలిన తొక్కలు యంత్రానికి తినిపించామన్నమాట," అంది. "దానికి ఆగడమనేది ఒకటుందనే తెలీదు."

"పనిలోకి దిగిన ఈ మూడేళ్లలో నా పేరు చెప్పి ఎన్ని లంక పట్టాలు కొట్టేసింది?"

హిమజ లెక్క తీసింది. తెర అత్త వైపు తిప్పింది. ఆరు వందల పద్దెనిమిది. అన్ని ఇళ్లల్లోనూ తన పేరున్న కాగితం ఉంది. వాళ్లలో ఒక్కడు, ఏసురత్నం, కాగితం అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివాడు.

దారి ఒకటే ఉంది. ఆ పదకొండు వందల నలభై ఫైళ్లూ ఒక్కొక్కటీ తెరిచి, ఎవరి భూమి, ఎందుకు ఆపింది, ఎందాకా ఆపింది రాయాలి. అప్పుడు వాటితో యంత్రానికి మళ్లీ నేర్పించవచ్చు. అయితే సర్కారు ఫైలు మీద రాసిన మాటని మార్చాలంటే, రాసిన అధికారి స్వయంగా ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి.

"అత్తా, పెట్టావంటే పదకొండు వందల నలభై సార్లు తప్పుడు మాట రాశానని నీ అంతట నువ్వే ఒప్పుకున్నట్టు. నీ ఫొటో, నీ పేరు, అన్నీ పోతాయి. ఆలోచించు."

"ఆలోచించాల్సింది ముప్పై ఏళ్ల కిందట. ఇప్పుడు రాయడమే," అంది సుభాషిణి. "ఫైళ్లు మా ఇంటికి పంపించు. లంకవాళ్లు పక్కనుంటే నాకు తొందరగా గుర్తొస్తాయి."

మర్నాటి నుంచీ రాజోలు ఇంటి వరండాలో కొలువు తీరింది. తెర మీద పాత ఫైళ్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే సుభాషిణి చెప్పేది, ఏసురత్నం అందుకునేవాడు.

"ఈయన మా మేనమామేనండి. నాలుగో వరదకి మేట పడింది. పడ్డ ఏడాదే కంద వేసేడండి."

"కంద కాదు, పసుపు వేశాడు. నాకు కొమ్ములు తెచ్చిచ్చాడు."

"ఆయ్, పసుపేనండి! మీ జ్ఞాపకం బంగారం గానండి."

సారమ్మ రోజూ మొగుడితోపాటు వచ్చేది. గుమ్మం పక్కన కూర్చుని గోంగూర వలిచేది, వంటింట్లో సాయం చేసేది, మళ్లీ వచ్చి తెర వంక చూస్తూ కూర్చునేది. పని చకచకా సాగుతోంది. రోజుకి డెబ్బై, ఎనభై ఫైళ్లు అయ్యేవి. ప్రతి ఫైలు దగ్గరా సుభాషిణి గుండె కొంచెం కొంచెం ఉప్పొంగేది. ఇన్ని కుటుంబాలకి ఇంత మేలు చేశానా అనుకునేది. ఆ మాట పైకి అనలేదు గానీ మొహంలో కనిపిస్తూనే ఉండేది. అందులో తప్పేముంది, చేసింది కాబట్టే కదా.

పని మొదలైన పదమూడో రోజున బొంతు మహాలక్ష్మి ఫైలు వచ్చింది.

"మహాలక్ష్మి... అరవై సెంట్లు, ఆరేళ్లు ఆపాను. ఈవిడదీ మేట పడే ఉంటుంది. ఏ వరదకి పడింది ఏసురత్నం?"

ఏసురత్నం నీళ్లు నమిలాడు. సారమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

"ఏమయ్యా?"

"మేట పడిందండి. పడేసరికి ఆవిడ లేదండి."

"ముసలావిడా?"

"ముసలావిడ కాదండి. మీరు... ఆ దరఖాస్తు ఒకసారి పూర్తిగా చదవండి మేడం గారు."

సుభాషిణి చదివింది. మునిగిన లంక భూమి, సర్వే నంబరు, విస్తీర్ణం. ఇన్నాళ్లూ ఏ ఫైలైనా ఆమె అక్కడిదాకానే చదివింది. మిగతాది తెలిసిందేనని వదిలేసేది. కింద మరో రెండు వరసలున్నాయి. భర్త చనిపోయాడనీ, ఇద్దరు పిల్లలతో గట్టు కింద పాకలో ఉంటున్నాననీ, ఒడ్డున కాలనీలో ఇంటి స్థలాలు ఇస్తున్నారనీ, పేరు మీద భూమి ఉంటే మాత్రం స్థలం రాదంటున్నారనీ, కాబట్టి నీళ్లల్లో ఉన్న ఆ అరవై సెంట్లనీ దయచేసి కొట్టెయ్యమనీ రాయించింది మహాలక్ష్మి.

కొట్టెయ్యమని. ఆ మనిషి అడిగింది అది.

"నాతో చెప్పి ఉంటే..." అంది సుభాషిణి.

"చెప్పుకోవాలనే వచ్చిందండి. మూడుసార్లు వచ్చిందండి మీ ఆఫీసుకి. గుమస్తా ఫైలు చూసి, సర్వేయరు లేడు, వచ్చాక రమ్మన్నాడంటండి." ఏసురత్నం నేల వంక చూస్తూ చెప్పాడు. "ఆరో వరదకి పాక కూలిపోయిందండి. పిల్లల్ని బయటికి గెంటేసింది గానండి, ఆవిడ రాలేకపోయిందండి."

ఆ రోజు ఇంకో ఫైలు తెరవలేదు సుభాషిణి. కూర్మారావు క్యారేజీ విప్పుతుంటే, తాము ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ అన్నం తింటుంటే, ఆ తలుపు అవతల ఆ మనిషి నిలబడి ఉండి ఉంటుంది. ఆ దృశ్యం ఎంత వద్దనుకున్నా కళ్ల ముందు నుంచి పోలేదు. ఏడ్చింది. చాలా ఏళ్ల తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. పెట్టె అయితే మహాలక్ష్మి కోరింది తొమ్మిది సెకన్లలో చేసి ఇంటికి పంపేసేది. తన దయ చేసిన పని, దయ లేని పెట్టె చేసి ఉండేది కాదు.

మర్నాడు పొద్దున్న 'ఎందుకు ఆపారు' అన్న గడిలో ఇలా రాసింది: 'ఆమె ఏం కోరిందో చదవలేదు. అడగలేదు. లంకవాళ్లకి ఏం కావాలో నాకు తెలుసనుకున్నాను. తప్పు నాది.'

సాయంత్రానికి హిమజ ఫోన్ చేసింది.

"అత్తా, ఈ ఒక్క ఫైలూ తీసేద్దాం. మిగతా పదకొండు వందల ముప్పై తొమ్మిదీ ఒక దారిలో ఉన్నాయి, ఇదొక్కటే అడ్డం. యంత్రం గందరగోళ పడుతుంది. పైగా ఈ మార్పుకి అనుమతి ఇవ్వాల్సిన కమిటీవాళ్ల చేతికి ఇది దొరికిందంటే నిన్ను ఉతికి ఆరేస్తారు."

"కావాలంటే మిగతావన్నీ తీసెయ్. ఇది ఉండాలి."

"అత్తా..."

"ఉండాలంటే ఉండాలి. నేను దాచిపెట్టిన ఫైళ్ల వల్లే కదే ఇంత జరిగింది. మళ్లీ నువ్వు ఇంకోటి దాస్తావా?"

పని పూర్తయ్యాక హిమజ రెండు రకాలుగానూ యంత్రానికి నేర్పించి చూసింది. మహాలక్ష్మి ఫైలు లేకుండా నేర్పితే అది లంక కేసులన్నిటినీ కళ్లు మూసుకుని ఆపేసింది. ఉంచమన్నవాళ్లవీ ఆపింది, కొట్టెయ్యమన్నవాళ్లవీ ఆపింది. ఆ ఫైలు కలిపి నేర్పితే మొదట ఏమీ చెయ్యలేదు. తొమ్మిది సెకన్లయింది, పద్దెనిమిదయింది. పాడైపోయిందేమో అనుకుని హిమజ స్విచ్చు మీద చెయ్యి వేసింది. అప్పుడు తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. నాలుగేళ్లలో ఆ యంత్రం తనంతట తాను ఒక మనిషిని ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"అత్తా, అది అడుగుతోంది!" అని ఫోన్లో అరిచింది హిమజ. "మేమెవరమూ అడగమని చెప్పలేదు. అదే అడుగుతోంది!"

గడువుకి ఐదు రోజుల ముందు కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు పాత్రుడుగారు పాతకాలం మనిషి, ప్రమాణపత్రాన్ని అక్షరం అక్షరం చదివి కళ్లజోడు తీశారు.

"అమ్మా, మీరు ప్రభుత్వ రికార్డులో అబద్ధం రాశానని ఒప్పుకుంటున్నారు."

"ఒప్పుకుంటున్నానండి. పదకొండు వందల నలభై సార్లు. అందులో ఎక్కువ భాగం మళ్లీ రాయమన్నా రాస్తాను. ఒక్కటి మాత్రం జన్మలో రాయను."

"మిమ్మల్ని నమూనాగా పెట్టుకుని ఇంత ఏర్పాటు చేశాం. ఇప్పుడు దాన్ని ఏం చెయ్యమంటారు?"

"నమూనాలో ఒక ముక్క తక్కువైందండి. ఇన్నాళ్లూ దానికి అవును, కాదు అనే రెండే తెలుసు. ఆగడం కూడా చట్టంలో ఒక మాటని మీరు రాయండి. అప్పుడు నాలాంటివాళ్లు అబద్ధం రాయక్కర్లేదు. ఎప్పుడు ఆగాలో అది దరఖాస్తు పెట్టుకున్న మనిషినే అడుగుతుంది. నాకు చేతకానిది దానికి చేతనైంది."

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. లంక భూముల విషయంలో రద్దు, కొనసాగింపుతోపాటు 'నిలుపుదల' అనే మూడో నిర్ణయం ఉండవచ్చు. కొట్టేసిన ఆరు వందల పద్దెనిమిది పట్టాలనీ తిరగదోడాలి. శిక్షణ సంస్థలో గోడ మీది ఫొటో తీసెయ్యాలి. ఫైళ్లు ఏరి పక్కన పడేసినందుకు హిమజకి రావలసిన పదోన్నతి రెండేళ్లు ఆగింది. ఆ సంగతి చెప్పేటప్పుడు హిమజ గొంతులో బాధేమీ వినపడలేదు. ఫొటో గురించి మాత్రం సుభాషిణికి కొంచెం బాధనిపించింది. అబద్ధమెందుకు, బాగానే అనిపించింది.

ఇరవై తొమ్మిదో రోజున బొండాయిలంక నలభై రెండు పట్టాలవాళ్లనీ తక్షణ సేవా కేంద్రం పిలిచింది. పడవల మీద వచ్చినవాళ్లంతా అద్దాల గది బయట బెంచీల మీద సర్దుకున్నారు. సుభాషిణికి లోపలికి వెళ్లే పనేమీ లేదు. అయినా చూడకుండా ఉండలేక వచ్చి గోడవారగా నిలబడింది.

మొదటి పేరు ఏసురత్నానిది. భార్యాభర్తలు ఇద్దరూ వెళ్లి కూర్చున్నారు.

"నమస్కారం ఏసురత్నం గారు," అంది పెట్టె. "మీ నాన్నగారి భూమి ప్రస్తుతం నీళ్లలో ఉంది. పట్టా మీ పేరుకి మార్చి, మేట పడేవరకూ నిలిపి ఉంచవచ్చు. లేదా కొట్టివేయవచ్చు. మీకు ఏది కావాలి? ఎందుకు కావాలి?"

ఏసురత్నం అటూ ఇటూ చూశాడు. అద్దం అవతలనున్న సుభాషిణి వంక చూశాడు.

"నన్నేనా అండి అడిగేది?"

"మిమ్మల్నే."

"ఉంచండి బాబు, ఉంచండి. మా నాన్న బతికుండగా మూడుసార్లు పోయిందండి, మూడుసార్లూ వచ్చింది. నాలుగోసారి నేను చూసుకోవాలండి."

"నిలిపి ఉంచడమైనది. ప్రతి వరద తర్వాత మళ్లీ అడుగుతాను."

ఏసురత్నం తుండుతో కళ్లు తుడుచుకున్నాడు. బయట బెంచీల మీద గుసగుసలు లేచాయి, ఎవరో ప్రభువుకి స్తోత్రం అన్నారు. సుభాషిణి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఇరవై మూడు రోజులు పడ్డ పాటు వృథా పోలేదు. చెయ్యగలనంది, చేసింది.

"నమస్కారం సారమ్మ గారు," అంది పెట్టె. "మీ పేరు మీద నలభై సెంట్లు నీళ్లలో ఉంది. నిలిపి ఉంచవచ్చు, లేదా కొట్టివేయవచ్చు. మీకు ఏది కావాలి? ఎందుకు కావాలి?"

"ఉంచమని చెప్పు," అన్నాడు ఏసురత్నం, లేవబోతూ.

సారమ్మ లేవలేదు. చీర చెంగు ఒళ్లో సర్దుకుంది.

"కొట్టెయ్యండి," అంది.

ఏసురత్నం లేచినవాడు లేచినట్టే ఉండిపోయాడు.

"నాకా నీళ్లల్లో నేలొద్దండి," అంది సారమ్మ, పెట్టె వంకే చూస్తూ. "పెళ్లైన కాణ్ణించీ ఏటా శ్రావణం రాగానే సామానంతా పడవలోకి ఎక్కిత్తన్నాను, మళ్లీ దింపుతన్నాను. మహాలక్ష్మి నా చెల్లెలి వరసండి. ఆ పిల్లలిద్దర్నీ నేనే పెంచేను. నా పేరు మీద భూమి లేదని కాగితమిత్తే గట్టు మీద రెండు సెంట్ల ఇంటిస్థలానికి పెట్టుకుంటానండి. ఆయన ఎకరం ఆయన చూసుకోమనండి. నేను గట్టు మీద ఇల్లు కట్టుకుంటాను."

"కొట్టివేయడమైనది," అంది పెట్టె. "భూమి లేదన్న ధ్రువపత్రం, ఇంటి స్థలం దరఖాస్తు రెండూ సిద్ధం చేస్తున్నాను." తొమ్మిది సెకన్ల తర్వాత రెండు కాగితాలూ బయటికొచ్చాయి.

సారమ్మ వాటిని మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. ఏసురత్నం ఆమె వైపు తిరిగాడు.

"పాతికేళ్లయింది కదే. ఒక్కసారైనా చెప్పలేదేంటే నాతో?"

"నన్నెవరడిగేరు?" అంది సారమ్మ.

దానికి జవాబు చెప్పాల్సినవాళ్లు అక్కడ ఇద్దరున్నారు. ఒకడు పాతికేళ్లు కాపురం చేసిన మొగుడు. రెండోది, పద్దెనిమిది రోజులపాటు తన గుమ్మంలోనే కూర్చున్న మనిషిని ఇంకాస్త గోంగూర వలవమని తప్ప ఏమీ అడగని రిటైర్డ్ తహసీల్దారు. ఇద్దరూ తల దించుకున్నారు. పెట్టె తర్వాతి పేరు పిలిచింది.